నూటపదహారు ఎంబీల మూట

నొక్కితే పాతది పోతుంది, పోయాక తిరిగి రాదు అని ఫోన్‌లో సాధన చెప్పిన మాటను మరోసారి చెప్పించుకుని విని, అమ్మాజీ చూపుడు వేలిని ఎంటర్ మీట మీద ఆనించింది. ఆనించి, నొక్కకుండా గోడ గడియారం వైపు చూసింది. మూడూ నలభై. ఐదు కొడితే గడువు ముగుస్తుంది. ముందు గదిలో దర్జీ భిక్షపతి కుట్టుమిషను కొంత దూరం పరిగెత్తి ఆగుతోంది, మళ్ళీ పరిగెడుతోంది. ఎదురుగా స్టూలు మీద రాములమ్మ ఒళ్ళోని సంచీని రెండు చేతులా పొదివి పట్టుకుని ఆ వేలినే చూస్తోంది, సూది గుచ్చబోయే నర్సు చేతిని చూసినట్టు. ఆ సంచీలో కాగితమేదీ లేదని అమ్మాజీకి తెలుసు. ఉండవలసిన కాగితాలన్నీ ఈ ఎల్బీనగర్ గది కంప్యూటర్‌లో ఉన్నాయి. నాగోల్ దగ్గర మూసీ ఒడ్డున రాములమ్మ ఉండే గల్లీలోని ఇరవై మూడు ఇళ్ళ పేర్లు, ఇంటి నంబర్లు, ఎవరెవరు ఏ తారీఖున దరఖాస్తు పెట్టుకున్నారో ఆ వరస, పెట్టుకున్నా సర్వే జాబితాలో గల్లీ గల్లీయే ఎందుకు లేకుండా పోయిందని నిలదీసే అభ్యంతర పత్రం, అన్నీ. సాయంత్రం ఐదులోగా ఆ పత్రం ఇక్కడికి పది నిమిషాల నడకలో ఉన్న సర్వే దఫ్తరులో ముట్టాలి. ముట్టకపోతే ఇరవై మూడు ఇళ్ళూ ఉన్నా లేనట్టే. కంప్యూటరేమో సోమవారం నుంచి నోరు తెరవడం లేదు.

"ఏంది మేడమ్, గట్ల ఆగిన్రు? కరెంటు కొడ్తదా?" అంది రాములమ్మ.

"కొట్టదు. ఆలోచిస్తున్నాను."

"ఆలోచన మూడు వారాల సంది చేస్తనే ఉన్నరంట గద. గా పిల్ల చెప్పింది."

గా పిల్ల అంటే సాధన. కోర్టులో అటెండరుగా చేసిన యోబు కూతురు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్తంభాల వెనక, హాస్టళ్ళ మధ్య ఇరుక్కున్న పెద్ద గదిలో కూర్చుని, తన ఉద్యోగం తాను చేసుకుంటూనే, శనివారాలు ఈ అర్జీల వెబ్‌సైటును కనిపెట్టుకుని ఉంటుంది. మూడు వారాల మాట నిజమే. నిజాన్ని అవతలి మనిషి వెక్కిరింపుగా అన్నంత మాత్రాన అది అబద్ధం కాదని ముప్ఫై ఒక్క సంవత్సరాలు కోర్టులో స్టెనోగా కూర్చున్న మనిషికి వేరే చెప్పనక్కరలేదు. దిల్‌సుఖ్‌నగర్, సైదాబాద్, మీర్‌పేట్, ఎల్బీనగర్, నాలుగు చోట్ల జనం అర్జీలు రాసిపెట్టే నాలుగు గదులు. నాలుగింటిలో నాలుగు కంప్యూటర్లు. ఏ గదికి వచ్చిన గోడు ఆ గది కంప్యూటర్‌లోనే ఉండాలని, మొగుడు కొట్టిన సంగతీ, ఆధార్ నంబరూ, అత్తగారి కాన్సరూ ఎక్కడో ఎవరి యంత్రాల్లోనో పరాయివాళ్ళ కళ్ళ ముందు పడి ఉండకూడదని పట్టుబట్టింది అమ్మాజీయే. తన సంతకం లేకుండా ఏ గదిలోనూ ఏదీ మార్చకూడదని అట్టపుస్తకంలో రాయించిందీ ఆమెయే. కాపలా మంచిదే. కాపలావాడు తాళంచెవి జేబులో పెట్టుకుని నిద్రపోతే ఇల్లు కాలినా బయటివాళ్ళు లోపలికి రాలేరు, లోపలివాళ్ళు బయటికి పోలేరు. ఇవాళ ఆ తాళంచెవి తన వేలి కింద ఉంది.

ప్రతి గది కంప్యూటర్‌లోనూ దించే ఆ ఇమేజ్ అంటే ఏమిటని అమ్మాజీ మొదట అడిగినప్పుడు సాధన అందంగానే చెప్పింది. మా నాయనమ్మ వాళ్ళు నల్లగొండ దిక్కు నుంచి పనికి పోయేటప్పుడు పొయ్యి రాళ్ళతో సహా మూట కట్టుకునేటోళ్ళంట మేడమ్, ఎక్కడ దించితే అక్కడ విప్పి వంట మొదలుపెట్టొచ్చు, ఇమేజ్ కూడా అసుంటి మూటనే, మన వెబ్‌సైటు, అది నడవడానికి కావలసినవి అన్నీ అందులోనే. చిన్నప్పుడు కాన్వెంటులో ఇమేజ్ అంటే పాలరాతి మేరీమాత అనే ఎరిగిన అమ్మాజీకి పొయ్యిరాళ్ళ మూట నచ్చింది. నచ్చనిది ఆ తర్వాతి మాట. మూట పద్నాలుగు వందల అరవై ఎంబీలు తూగుతోందని, ఎల్బీనగర్, మీర్‌పేట్ కంప్యూటర్లు పాతవి కనుక కొత్త మూట దించేసరికి డిస్కు నిండిపోతోందని, తాను చిన్న మూట ఒకటి కట్టానని, నూట పన్నెండు ఎంబీలేనని, పెద్దదాని పక్కనే దాన్నీ పెడదామని, ఎవరికి ఏది కావాలంటే అది దించుకుంటారని చెబుతూ చెబుతూ, చివర ఏమీ అనుకోకుండా, "చిన్న సెంటర్లకు చిన్నది చాలు మేడమ్" అంది. చాలు. ఆ ఒక్క మాట దగ్గర అమ్మాజీ కలం మూత పెట్టేసింది.

చాలు అనేవాళ్ళు ఎప్పుడూ ఇచ్చే వరసలోనే ఉంటారు, పుచ్చుకునే వరసలో ఉండరు. ఏలూరులో తెల్లటి మేజోళ్ళతో కాన్వెంటు మెట్లెక్కిన మొదటి రోజున, రిజిస్టరులో పేరు రాసుకున్న సిస్టరు గడి నిండిపోయేసరికి చివరి అక్షరం ఎక్కడ పెట్టాలో తోచక కలం ఎత్తేసి, అంతే చాలు అంది, నవ్వుతూనే. ఏడేళ్ళ పిల్లకు ఆ నవ్వు బాగుంది. గడి ఇరుకైనందుకు గడిని కాక పేరును కోశారని ఆ పిల్లకు ఇరవై ఏళ్ళ తర్వాత, ఉద్యోగపు కాగితాలు ఒక్క అక్షరం లోటుకు వెనక్కి వచ్చినప్పుడు తెలిసింది. పెళ్ళయి సైదాబాద్ వచ్చిన కొత్తలో పండ్ల మార్కెట్టుకు పోతే, బత్తాయిల లారీ దించిన రైతుకు తూకం చెప్పి, వెంటనే తరుగు అని ఇంత కోసేశాడొక దళారి. ఎందుకయ్యా కోశావంటే, తరుగు ఎప్పుడూ ఉండేదే కదమ్మా అన్నాడు, వాన ఎప్పుడూ ఉండేదే అన్నంత తేలిగ్గా. దిల్‌సుఖ్‌నగర్ గదికి పద్నాలుగు వందల అరవై, ఎల్బీనగర్ గదికి నూట పన్నెండు. మధ్యనున్నదంతా తరుగే గదా. ఏం తీసేశావు సాధనా అని అడిగితే ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది, ఇల్లు కట్టిన మేస్త్రి తన తాపీ, గమేళా, నిచ్చెన, సగం వాడిన సిమెంటు బస్తా అన్నీ ఇంట్లోనే వదిలిపెట్టి పోయినట్టు పెద్ద మూటలో కట్టుబడి సామాను ఉండిపోయిందని, కాపురానికి అవి అక్కరలేదని, అవే తీశానని. అవేనా? అవే మేడమ్. చూద్దాం అంది అమ్మాజీ. మూడు వారాలు చూసింది. చూస్తూ ఉండగానే సోమవారం ఎల్బీనగర్‌లో కొత్త పెద్ద మూట సగం దిగి డిస్కు నింపేసింది. పాతదీ లేవదు, కొత్తదీ రాదు.

అంటే, ఇరవై మూడు ఇళ్ళ కాగితం ఇందులో ఇరుక్కుపోవడానికి కారణం ఎవరు? ముద్దాయి హాజరున్నారా? ఉన్నారు, ఎంటర్ మీద వేలు ఆనించి కూర్చున్నారు.

"మేడమ్," అంది ఫోన్‌లో సాధన, "అర్జీలు మూటల ఉండవు. పక్కన వేరే అరల ఉంటయి. మూట మారినా అర అట్లనే ఉంటది. నన్ను నమ్మండి."

"నిన్ను నమ్ముతున్నాను. నువ్వు నిజమే చెబుతున్నావు. నువ్వు చెప్పే నిజం సరైనదేనా అన్నదే నా అనుమానం."

"అది నొక్కితేనే తెలుస్తది మేడమ్."

నొక్కింది. తెర మీద నాలుగు వరసలు గబగబా పైకి జారి, ఆగి, నల్లటి మైదానంలో ఒక చిన్న తెల్ల గీత మాత్రం కొట్టుకుంటూ మిగిలింది. పాతది లేదు. పెద్ద మూటయితే ఈ ఫోను నెట్టు మీద రాత్రికి గాని దిగదు; చిన్నది పన్నెండు నిమిషాలట. పన్నెండు నిమిషాల పాటు ఈ గదిలో అర్జీలు ఉన్నాయి, వాటిని చదివే దిక్కు లేదు. కోర్టులో సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక బీరువాల మధ్య నిలబడితే అట్లాగే ఉండేది, వేల గోడులు, దారాలతో కట్టి, నోరు లేక. అమ్మాజీ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. రెండేళ్ళ నుంచి కుడిచేతి వేళ్ళకు పట్టు లేదు. కలం పట్టుకుంటే సంతకం వరకు వస్తుంది, ఆ పైన వణుకుతుంది. లేకపోతే చేత్తోనే రాసిచ్చేది గాని, ఇరవై మూడు పేర్లు, ఇరవై మూడు తారీఖులు గుర్తున్న వాళ్ళెవరు?

ఒకప్పుడు ఈ వేళ్ళే. జడ్జిగారు గంటసేపు ఆపకుండా చెప్పుకుపోతే నాలుగు పేజీల్లో పట్టేది. చీమకాళ్ళంత గీతలు, వంపులు, చుక్కలు. పక్కన కూర్చున్న కొత్త గుమాస్తా ఇంతేనా అమ్మా, ఆయన అన్నదంతా ఇందులో ఉందా అని ఆశ్చర్యపోయేవాడు. ఉంది. మధ్యాహ్నం టైపు మిషను ముందు కూర్చుంటే ఆ నాలుగు పేజీలు ఇరవై పేజీలై విప్పుకునేవి, ఒక్క మాట పోకుండా, జడ్జిగారి దగ్గుతో సహా కావాలంటే. షార్ట్‌హ్యాండును ఎవరూ తరుగు అనలేదు. తనకెందుకు ఇన్నాళ్ళూ ఆ పోలిక తట్టలేదు? చిన్నది కావడం వేరు, తక్కువ కావడం వేరు. విప్పినప్పుడు అంతా రావాలి, అదొక్కటే పరీక్ష. ఆ పరీక్ష పెట్టకుండానే మూడు వారాలు ఆ పిల్లను బోనులో నిలబెట్టింది తను. సాక్ష్యం వినకుండా తీర్పు వాయిదా వేయడం కూడా తీర్పేనని ఎంతమంది ముందు ఎన్నిసార్లు అనలేదు? కుట్టుమిషను ఆగింది. భిక్షపతి కత్తెర బట్టను కోస్తున్న చప్పుడు, మెత్తగా, తడబడకుండా. కొలత తెలిసినవాడు కోస్తే బట్ట తగ్గదు, చొక్కా అవుతుంది.

నాలుగు గంటల రెండు నిమిషాలకు తెర వెలిగింది. అర్జీల పేజీ మామూలుగా, ఏమీ జరగనట్టు తెరుచుకుంది. రాములమ్మ పేరు కొడితే అభ్యంతర పత్రం వచ్చింది, ఇరవై మూడు పేర్లూ వచ్చాయి. అరలో అన్నీ ఉన్నాయి. అమ్మాజీ ఊపిరి వదిలిన చప్పుడు ఫోన్‌లో సాధనకు కూడా వినపడి ఉంటుంది, "చెప్పిన గద మేడమ్" అంది సంతోషంగా. ప్రింటు మీట నొక్కితే మూలనున్న ప్రింటరు గొణిగి, మూడు కాగితాలు కక్కింది. రాములమ్మే లేచి అందుకుంది. ఆమెకు చదువు రాదు. తన పేరు ఒక్కటే గుర్తుపడుతుంది, ఓటరు కార్డు మీద చూసి చూసి. కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టి, వేలితో పై నుంచి కిందికి, మళ్ళీ పై నుంచి కిందికి నెమ్మదిగా వెతుక్కుంది.

"మేడమ్, గీ డబ్బాలల్ల నేను యాడున్న?"

అమ్మాజీ కాగితం తీసుకుని చూసింది. తారీఖులు ఉన్నాయి. ఇంటి నంబర్లు ఉన్నాయి. తెలుగు అక్షరం ఉండవలసిన ప్రతి చోటా ఒక ఖాళీ గడి, చిన్నది, చతురస్రంగా, వరసగా, పేజీ నిండా. కిటికీలే తప్ప మనుషులు లేని మేడలాగా. తెర మీద బాగానే ఉన్నవి కాగితం మీద గడులయ్యాయి.

"సాధనా, తెలుగు రాలేదు. గడులు వచ్చాయి."

ఫోన్‌లో గబగబా మీటల చప్పుడు వినపడింది. వెనక ఎక్కడో దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు హారన్. తర్వాత, "నేనే తీసేసిన మేడమ్" అంది సాధన, గొంతు తగ్గించి. "తెరకైతే మీ కంప్యూటర్లనే అక్షరాలు ఉంటయి. ప్రింటు పేజీ మూట లోపల్నే తయారైతది. దానికి కావలసిన తెలుగు ఫాంట్లు పెద్ద మూటల ఒక మూలకు ఉండె. ఏందో ఉత్త సామాననుకొని ఊడ్చేసిన."

"ప్రింటు తీసి చూడలేదా?"

"చూసిన. పేరు దగ్గర టెస్ట్ వన్, టెస్ట్ టూ అని ఇంగ్లిష్ల కొట్టి చూసిన. మంచిగనే వచ్చింది."

ఇదీ తరుగు. అనుకున్నదే జరిగింది, అన్నంత పనీ అయింది, అయినా అమ్మాజీకి లోపల గెలిచిన భావమేమీ కలగలేదు. కలగకపోవడం ఆమెకే వింతగా తోచింది. గెలవడానికి అవతల దొంగ ఉండాలి. అవతల ఉన్నది యోబు కూతురు, శనివారాలన్నీ ఇచ్చేసిన పిల్ల, తెలుగులో ఏడ్చి తెలుగులో నవ్వే పిల్ల, కంప్యూటరు ముందు కూర్చోగానే చేతి వేళ్ళు వాటంతటవే ఇంగ్లిష్‌లోకి పోయే పిల్ల. తనకు జరగలేదా? షార్ట్‌హ్యాండు నేర్పిన మాస్టారు మొదటి రోజే చెప్పాడు, ఏ మాటనైనా గీతగా కుదించు, మనిషి పేరును మాత్రం కుదించకు, పూర్తిగా రాయి, ఎందుకంటే మాట పోతే ముందు వెనకల బట్టి దొరుకుతుంది, పేరు పోతే దొరకదు. ఒకే ఒక్క రోజు, ఎండాకాలం, ఫ్యాను తిరగని రోజు, తొందరలో ఒక పేరును గీతగా పెట్టింది. మైలమ్మ. మధ్యాహ్నం విప్పితే ఆ గీత మల్లమ్మ అని పలికింది. అచ్చుల గుర్తులు పెట్టలేదు గనక రెంటికీ ఒకటే గీత. ఉత్తర్వు కాపీ మల్లమ్మ పేరు మీద పోయింది. మైలమ్మ దాన్ని దిద్దించుకోవడానికి ఇబ్రహీంపట్నం నుంచి పదకొండుసార్లు వచ్చింది, ప్రతిసారీ కోర్టు వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని, తప్పు ఎవరిదని ఒక్కసారీ అడగకుండా. పదకొండోసారి అమ్మాజీ చెప్పింది, తప్పు నాదేనమ్మా అని. తెలుసు బిడ్డా, అందామె, మొదటిసారే నీ మొకంల కనపడ్డది.

"సాధనా, ఇప్పుడు టైము నాలుగూ పది. ఆ అక్షరాలు మళ్ళీ పెట్టడానికి ఎంతసేపు?"

"పెట్టడానికి పది నిమిషాలు. మీ దగ్గరికి దిగడానికి నిమిషమే, మొత్తం మళ్ళ దించక్కర్లేదు, మారింది ఒక్కటే దిగుతది. మేడమ్, సారీ…"

"సారీ తర్వాత. ఈసారి టెస్ట్ వన్ వద్దు. పోల్కంపల్లి రాములమ్మ అని తెలుగులో కొట్టి, ముందు నీ దగ్గర ప్రింటు తీసి, నాకు చదివి వినిపించు. ఒత్తులతో సహా."

రాములమ్మ స్టూలు మీద సర్దుకుని కూర్చుంది. కోపం తెచ్చుకోవలసిన మనిషి ఆమె ఒక్కతే గాని, తెచ్చుకోలేదు; సంచీలోంచి ఒక అరటిపండు తీసి సగం విరిచి అమ్మాజీ ముందు పెట్టింది. "తినుండ్రి. సర్వేకు వచ్చిన పోరలు గింత కూడ అడగలే నా పేరు. మీరు ఒత్తులు గూడ అడుగుతున్నరు." అరటిపండు మెత్తబడి, ఎండకు వెచ్చగా ఉంది. పదేళ్ళుగా మధ్యాహ్నం పూట ఏమీ తినని నియమం ఉన్న అమ్మాజీ దాన్ని తిన్నది. గడియారంలో ముల్లు ఎప్పుడూ పోయినట్టే పోతోంది, తొందర లేదు, జాలీ లేదు. ఫోన్‌లో టకటకమని సాధన వేళ్ళ చప్పుడు. మధ్యలో ఒకసారి ఆగితే ఇద్దరూ తలలెత్తారు, మళ్ళీ మొదలైతే దించారు. చిన్న సెంటర్లకు చిన్నది. పెద్ద సెంటరుకు పెద్దది. అసలు తప్పు అక్కడుంది, ఫాంట్ల దగ్గర కాదు. దిల్‌సుఖ్‌నగర్ గదిలో కూడా ఈ చిన్న మూటే నడిచి ఉంటే, మొదటి రోజు మొదటి గంటలో, మొదటి అర్జీ ప్రింటు తీయగానే గడులు కనిపించి ఉండేవి, దిద్ది ఉండేవాళ్ళు, ఆ దెబ్బ రాములమ్మ దాకా వచ్చేది కాదు. తాము వాడని దాన్ని పక్కవాళ్ళకు ఇచ్చేటప్పుడు దానిలో ఏది లేదో ఇచ్చేవాళ్ళకు ఎట్లా తెలుస్తుంది?

నాలుగూ ఇరవై నాలుగుకు ఫోన్‌లో సాధన చదివింది, "పోల్కంపల్లి రాములమ్మ. ల కింద క ఒత్తు, ల కింద ల ఒత్తు, మ కింద మ ఒత్తు. అన్నీ ఉన్నయి మేడమ్, నా చేతుల కాగితం మీదనే ఉన్నయి." ఇంకో రెండు నిమిషాలకు ఇక్కడి ప్రింటరు గొణిగింది. రాములమ్మ కాగితాన్ని వెలుగుకు పట్టి వేలు పెట్టి, ఈసారి వెతకలేదు, మొదటి వరసలోనే ఆగిపోయింది.

"గిదే నేను."

"ఇప్పుడు మూట ఎంత ఉంది సాధనా?"

"నూట పదహారు మేడమ్. అక్షరాలకు నాలుగు ఎంబీలు పెరిగింది."

"నూటపదార్లా?" అంది రాములమ్మ. "సదివింపుల లెక్క మంచిగ కుదిరింది. ఇగ లగ్గమైనట్టే, నడువుండ్రి."

నడిచారు. భిక్షపతి మిషను ఆపి తలుపు పట్టుకున్నాడు. ఎండ వాలి, ఫ్లైఓవరు నీడ రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. ఆ నీడలో పుచ్చకాయల బండి, దాని పక్కన హెల్మెట్లు అమ్మే మనిషి, వాటి మధ్యగా డెబ్బై మూడేళ్ళ అమ్మాజీ, కాగితాలు గుండెకు ఆనించుకున్న రాములమ్మ. దఫ్తరులో గుమాస్తా చేతి గడియారం చూసి, కాగితాలు తిరగేసి, "గింత ఆఖరికి తెస్తరా అమ్మా" అన్నాడు. "గడువు ఐదు వరకు. ఐదు కాలేదు" అంది అమ్మాజీ. ఆయన ఆమె మొహం చూసి ముద్ర వేశాడు. నాలుగు యాభై ఒకటి. నకలు మీద కూడా వేయించుకుంది. ఇది గెలుపు కాదు. గోడు లోపలికి వెళ్ళింది, అంతే. దాని మీద ఏం రాస్తారో, ఎప్పుడు రాస్తారో ఎవరికీ తెలియదు. కానీ ఇరవై మూడు ఇళ్ళూ ఇప్పుడు లేవనడానికి వీల్లేదు, వాటి పేర్లున్న కాగితం మీద వాళ్ళ ముద్రే ఉంది.

వరండాలో బల్ల మీద కూర్చుని అమ్మాజీ అట్టపుస్తకం తెరిచింది. వేళ్ళు వణుకుతున్నా తానే రాసింది, అక్షరం తర్వాత అక్షరం పేర్చుకుంటూ. చిన్న మూటకు అనుమతి. నాలుగు గదులకూ ఇదే. ముందు దిల్‌సుఖ్‌నగర్‌లో దించాలి, అక్కడ వారం నడిచాకే మిగతా చోట్లకు. పెద్ద మూట కావాలన్నవారికి అడిగితే ఇవ్వాలి. ఏది తీసినా మనుషుల పేర్లు రాసే అక్షరాలు తీయరాదు. మూడు వారాల ఆలస్యం నాది. ఆ వాక్యం కింద గీత కూడా గీసింది. గీత కింద మరో వాక్యం రాసింది. కొత్తది ఎప్పుడు కట్టినా, దించే ముందు పోల్కంపల్లి రాములమ్మ పేరు తెలుగులో అచ్చు తీసి చూడాలి.

"నా పేరెందుకు రాస్తున్నరు మళ్ళ?" అంది తన పేరు గుర్తుపట్టిన రాములమ్మ, పుస్తకం మీదికి వంగి.

"ఇక మీదట మా నాలుగు గదుల్లో ఏ కొత్తది వచ్చినా ముందు నీ పేరే అచ్చవుతుంది. అది సరిగ్గా వస్తేనే మిగతావాళ్ళకు ఇస్తారు."

రాములమ్మ ముద్రపడిన నకలును నాలుగు మడతలు పెట్టి, ఖాళీ సంచీలో అట్టడుగున వేసి, పైన కొంగు కప్పింది.

"అయితె గా పిల్లకు చెప్పుండ్రి," అంది, "జర పెద్దక్షరాలు పెట్టమని. నాకు కండ్లు ఆనతలేవు."